నలుగురి మాట - ఒక్క వరుస

2021వ సంవత్సరము చివరి నెలలలో గుంటూరు, ఖమ్మము ప్రాంతముల మిరపతోటల మీద నల్ల తామరపురుగు విరుచుకొని పడినది. పూవులలో దాగి, పూతను పాడుచేసి, కాపును హరించు ఆ చిన్న పురుగు మన రైతులకు అంతకుముందు అంతగా పరిచయము లేనిది. ఆ దినములలో మిరప వేసిన మా బాబాయిగారు ఒకనాటి రాత్రి మాకు ఫోను చేసిరి. "అబ్బాయీ, మీరు ఫోనులో ఏదైనా వెదకి పట్టుకొంటారు గదా! దీనికి ఏమి చేయవలెనో చూచి చెప్పరా. తెల్లవారి మందుకు డబ్బు కట్టవలె" అని వారి మాట.

మేము వెదకితిమి. మొదట 'తామర' అని మాత్రమే వ్రాసితిమి. ఒక శోధనయంత్రము, అనగా జనులు సెర్చి ఇంజను అనునది, తామరపూవుల కొలనులను చూపినది. మరియొకటి ఒంటికి పట్టు తామర వ్యాధిని, దానికి పూయు లేపనములను చూపినది. తామర అను మాటకు మన భాషలో పద్మమను అర్థమును కలదు, చర్మవ్యాధి యను అర్థమును కలదు, పురుగు పేరును కలదు గదా! తప్పు మాదేయని గ్రహించి, 'మిరప' అను మాటను కూడ చేర్చి, మూడు శోధనయంత్రములను వేరువేరుగ అడిగితిమి. ఇప్పుడు మూడును పురుగును గూర్చియే చెప్పినవి. కాని మూడును మూడు వరుసలలో చెప్పినవి. ఒకదానిలో మందుల వర్తకుని పుట తలమానికమై కూర్చున్నది. వేరొకదానిలో వ్యవసాయ విశ్వవిద్యాలయము వారి పుట మొదటిది. మూడవదానిలో వార్తాపత్రిక పుట మొదటిది. బాబాయిగారికి కావలసినది మూడు వరుసలు కావు, ఒక్క సమాధానము. ఆ ఒక్కదానిని ఏ న్యాయముతో ఏర్చవలెను? నేటి మా ప్రసంగమునకు విషయమిదియే.

ఇది చిన్న ప్రశ్నయని శ్రోతలు తలపవలదు. నేడు వెదకువారిలో అనేకులు మొదటి రెండు మూడు పుటలను చూచి ఊరకుందురు. పదియవ స్థానమున నున్న సత్యము ఎవరి కంటను పడదు. కావున వరుసను నిర్ణయించువాడు, ఒక విధముగ, మనకు ఏది తెలియవలెనో నిర్ణయించుచున్నాడు. ఆ అధికారమును ఒక్కనికి అప్పగించుటకంటె నలుగురికి పంచి, ఆ నలుగురి మాటను ఒక్కటిగ కూర్చుట మేలని తోచుట సహజము. నలుగురు నడచిన బాటయే బాటయని మన పెద్దల మాట. ఐనను నలుగురి మాటను ఎట్లు కూర్చవలెనన్నదే చిక్కు.

ఈ చిక్కు యంత్రములతో పుట్టినది కాదు. పదమూడవ శతాబ్దమున మయోర్కా ద్వీపమునకు చెందిన రామోన్ లుల్ అను పండితుడు, మఠములలో అధిపతులను ఎన్నుకొనుటకై, అభ్యర్థులను ఇద్దరిద్దరిగ పోల్చు పద్ధతిని వ్రాసియుంచెను. ఐదువందల ఏండ్ల పిమ్మట ఫ్రాన్సు దేశమున ఈ విచారణ తిరిగి తలయెత్తినది. జాన్ షార్ల్ ద బోర్దా నౌకాదళోద్యోగి, గణితవేత్త. ఆయన 1770లో పారిస్ నగరపు విజ్ఞాన పరిషత్తు ఎదుట ఒక సులభోపాయమును ప్రతిపాదించెను. ప్రతి ఓటరును అభ్యర్థులను వరుసగ వ్రాయవలెను. చివరివానికి సున్న, వానికి పైవానికి ఒకటి, ఆపైవానికి రెండు, ఇట్లు మార్కులు వేయవలెను. అందరి మార్కులను కూడి, ఎక్కువ వచ్చినవానిని గెలిపింపవలెను. మన బడులలో లెక్కలు, తెలుగు, చరిత్రల మార్కులను కూడి విద్యార్థులకు వరుస కట్టుటవంటిదే ఇది.

ఆ పరిషత్తునకే చెందిన మార్కీ ద కొందొర్సే 1785లో వేరొక మార్గమును చూపెను. మార్కులతో పనిలేదు, ఏ ఇద్దరిని తీసికొన్నను, ఎక్కువమంది ఎవరిని ముందు నిలిపిరో చూడుడు, అందరితోను ఒక్కొక్కనిగ పోటీపడి గెలుచువాడే నిజమైన విజేత, అని ఆయన వాదము. ఈ రెండు మార్గముల వివాదము నేటికిని తీరలేదు. శోధనయంత్రముల వరుసలను కూర్చువారు నేటికిని ఈ ఇద్దరిలో ఒకరి వెంట నడచుచున్నారు.

మాటలకంటె లెక్క మేలు. మా మూడు వరుసలను తీసికొందము. సులభముగ నుండుటకై నాలుగు పుటలనే లెక్కింతము: విశ్వవిద్యాలయము, పత్రిక, రైతు, వర్తకుడు. రైతు పుట యనగా వేరొక జిల్లా రైతు తన తోట అనుభవమును వ్రాసికొన్నది. మొదటి యంత్రపు వరుస వర్తకుడు, విశ్వవిద్యాలయము, పత్రిక, రైతు. రెండవ యంత్రపు వరుస విశ్వవిద్యాలయము, పత్రిక, రైతు, వర్తకుడు. మూడవ యంత్రపు వరుస పత్రిక, విశ్వవిద్యాలయము, రైతు, వర్తకుడు.

బోర్దా లెక్క ప్రకారము మొదటి స్థానమునకు 3, రెండవదానికి 2, మూడవదానికి 1, నాల్గవదానికి సున్న. విశ్వవిద్యాలయమునకు 2, 3, 2 కలసి 7 మార్కులు. పత్రికకు 1, 2, 3 కలసి 6. వర్తకునికి మొదటి యంత్రము ఇచ్చిన 3 మాత్రమే. రైతునకు సున్న, 1, 1 కలసి 2. కావున బోర్దా వరుస విశ్వవిద్యాలయము, పత్రిక, వర్తకుడు, రైతు.

ఇపుడొక విచిత్రమును గమనింపుడు. మూడు యంత్రములలో రెండు, వర్తకునికంటె రైతునే ముందుంచినవి. ఐనను మార్కుల మొత్తములో వర్తకుడే రైతును దాటినాడు. ఏల? ఒక్క యంత్రమును లోబరచుకొని, అందు మొదటి స్థానమును సంపాదించుటచేత. తన పుటలో జనులు వెదకు మాటలనే మరల మరల నింపియో, ఇతర పుటలచేత తన పుటకు దారులు వేయించియో, వర్తకుడు ఒక యంత్రమును మోసగింపవచ్చును. ఆ ఒక్క మోసము బోర్దా లెక్కలో మూడు మార్కులై నిలిచినది.

కొందొర్సే కొలతతో చూతము. రైతు, వర్తకుల పోటీలో రైతుకు రెండు, వర్తకునికి ఒకటి. విశ్వవిద్యాలయము, వర్తకుల పోటీలోను, పత్రిక, వర్తకుల పోటీలోను అంతే. వర్తకుడు మువ్వురి చేతను ఓడినాడు. విశ్వవిద్యాలయము అందరిని గెలిచినది. పత్రిక రైతును గెలిచినది. వరుస విశ్వవిద్యాలయము, పత్రిక, రైతు, వర్తకుడు. ఒక యంత్రము మోసపోయినను తక్కిన రెండును మోసపోకున్నచో, కొందొర్సే మార్గమున మోసగాడు అడుగునకు పోవును. బోర్దా తన పద్ధతి నిజాయితీపరుల కొరకే యని చెప్పినట్లు ఒక వదంతి కలదు. అంతర్జాలమున అందరును నిజాయితీపరులు కారు గదా!

అట్లైన కొందొర్సేనే అనుసరింతమందురా? ఆయన తానే అందలి గోతిని కనుగొనెను. మూడు పుటలు, మూడు యంత్రములు ఉన్నవనుకొందము. మొదటి యంత్రము అ, ఆ, ఇ అని చెప్పినది. రెండవది ఆ, ఇ, అ అని చెప్పినది. మూడవది ఇ, అ, ఆ అని చెప్పినది. ఇప్పుడు అ, ఆను గెలుచును. ఆ, ఇను గెలుచును. ఇ మరల అను గెలుచును. ప్రతి పోటీలోను రెండింటికి ఒకటి చొప్పున స్పష్టమైన తీర్పే వచ్చినది. కాని ఆ తీర్పులన్నియు కలసి గానుగెద్దువలె గుండ్రముగ తిరుగుచున్నవి. మొదలెక్కడ, తుద ఎక్కడ? ఒక్కొక్కరు తెలివిగలవారే యైనను నలుగురు కలసినచో తికమక పుట్టవచ్చునని ఇందువలన తేలుచున్నది.

ఈ తికమకకు మందు లేదని 1951లో అమెరికా ఆర్థికశాస్త్రవేత్త కెన్నెత్ యారో తన గ్రంథమున నిరూపించెను. మూడు లేక అంతకుమించిన ఎంపికలున్నపుడు, ఓటర్లు తమ ఇష్టము వచ్చిన ఏ వరుసనైనను చెప్పగలిగినపుడు, కొన్ని సామాన్య న్యాయములను మనము కోరుదుము. అందరును ఒకదానిని మరియొకదానికంటె మేలన్నచో తుది వరుసయు అట్లే చెప్పవలెను. రెండింటి తారతమ్యము మూడవదాని రాకపోకలవలన మారరాదు. ఏ ఒక్కని మాటయో అందరి మాటగ చెల్లరాదు. ఈ కోరికలన్నింటిని ఒక్కసారిగ తీర్చుచు, ఎల్లప్పుడును తలయు తోకయు గల వరుసను ఇచ్చు పద్ధతి ఏదియు ఉండజాలదు. ఈయన 1972లో నోబెల్ బహుమతిని పొందెను. కావున వరుసలు కూర్చువాడు ఏదో ఒక న్యాయమును కొంత వదలుకొనక తప్పదు. దేనిని వదలుచున్నాడో తెలిసి వదలుటయే అతని వివేకము.

1959లో జాన్ కెమెనీ మధ్యేమార్గమొకటి సూచించెను. రెండు వరుసల నడుమ దూరమును కొలువవచ్చును. ఎన్ని జంటలను గూర్చి ఆ రెండును భేదించునో అదియే వాని దూరము. అన్ని వరుసలకును మొత్తముమీద మిక్కిలి దగ్గరగనున్న వరుసనే గ్రహింపుడని ఆయన చెప్పెను. మా లెక్కలో కొందొర్సే వరుస మొదటి యంత్రముతో మూడు జంటలలోను, మూడవ యంత్రముతో ఒక జంటలోను భేదించుచున్నది. రెండవదానితో భేదమే లేదు. మొత్తము దూరము 4. బోర్దా వరుస దూరము 5. కావున కెమెనీ తీర్పు మొదటిదానికే. గానుగ తిరుగుడు వచ్చినపుడు కూడ ఈ కొలత ఏదో ఒక సమాధానమును చెప్పగలదు.

కాని దీనిలోను కష్టమున్నది. పది పుటలను 36,28,800 విధములుగ వరుసకట్టవచ్చును. ఇరువది పుటలైనచో ఆ సంఖ్య 24 వేల కోటికోట్లను దాటును. అన్నింటిని పరీక్షించి చూచుట ఎవరి తరము? ఉత్తమమైన వరుసను త్వరగ కనుగొను రాచబాట లేదని గణితవేత్తలు దృఢముగ నమ్ముచున్నారు. కూర్చవలసిన పట్టికలు నాలుగే యైనను ఈ కాఠిన్యము తగ్గదని 2001లో సింథియా డ్వర్క్, రవి కుమార్, మోనీ నవోర్, డి. శివకుమార్ అను నలుగురు చూపిరి. శోధనయంత్రముల వరుసలను కూర్చుటను గూర్చి వారు ప్రకటించిన ఆ వ్యాసము నేటికిని ఈ శాస్త్రమున ఆకరముగ నున్నది.

వారు కష్టమును చూపి ఊరకుండలేదు, ఒక చక్కని ఉపాయమును చెప్పిరి. మొదట ఏదైన సులభపద్ధతితో ఒక వరుసను కట్టుడు. పిదప ప్రక్కప్రక్కన నున్న రెండేసి పుటలను చూడుడు. ఎక్కువ యంత్రములు క్రిందిదానినే మేలనినచో ఆ రెండింటిని తారుమారు చేయుడు. అట్టి జంట ఎక్కడను మిగులనంతవరకు ఇట్లు చేయుడు. మా బోర్దా వరుసలో వర్తకుడును రైతును ప్రక్కప్రక్కన ఉన్నారు. రెండు యంత్రములు రైతు పక్షము. తారుమారు చేసినచో వర్తకుడు అడుగునకు దిగినాడు. కందులలో రాళ్ళను ఏరునట్లు, మోసపు పుటలను అడుగునకు దింపుటకు ఈ దిద్దుబాటు మిక్కిలి ఉపకరించునని వారి ఆశయము.

అంతర్జాలమున ఈ కూర్పు ఎప్పుడు మొదలైనదో కొంచెము చెప్పవలెను. 1995లో అమెరికాలోని వాషింగ్టను విశ్వవిద్యాలయమున ఎరిక్ సెల్బర్గ్, ఓరెన్ ఎట్జియోనీ అను ఇరువురు మెటాక్రాలర్ అనుదానిని నిర్మించిరి. అది తాను దేనిని వెదకదు. అడిగినవాని ప్రశ్నను అనేక శోధనయంత్రములకు ఒకేసారి పంపి, వచ్చిన సమాధానములలో మరల మరల వచ్చినవానిని ఏరివేసి, ఒక్క వరుసగ కూర్చి ఇచ్చును. ఇట్టివానికి ఆనాడు గొప్ప అవసరముండెను. 1998లో స్టీవ్ లారెన్స్, లీ గైల్స్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశీలన ప్రకారము, వెదకుటకు వీలైన అంతర్జాలములో మూడవవంతును మించి ఏ ఒక్క యంత్రమును ఎరుగదు. ఆరు యంత్రములను కలిపినచో, ఒక్క యంత్రము ఇచ్చుదానికి సగటున మూడున్నర రెట్లు పుటలు లభించినవి. నాడు కూర్పు చేయుట విలాసము కాదు, ఆవశ్యకము.

దీనికి ముందే, 1994లో, ఎడ్వర్డ్ ఫాక్స్, జోసెఫ్ షా అనువారు మార్కులను కూడు పద్ధతులను పరీక్షించియుండిరి. శోధనయంత్రము వరుసను మాత్రమే కాక, ప్రతి పుటకును లోలోపల ఒక విలువను కట్టుచుండును. ఆ విలువలను కూడవచ్చును. కాని ఒక ఉపాధ్యాయుడు నూటికి మార్కులు వేయును, మరియొకడు పదికి వేయును. ఒకడు ధారాళుడు, మరియొకడు పిసినారి. వారి మార్కులను ఉన్నవి ఉన్నట్లు కూడినచో అన్యాయమగును. అందుచే అందరి విలువలను సున్నకును ఒకటికిని నడుమ వచ్చునట్లు సర్ది, పిదప కూడవలెను. వారి పద్ధతులలో ఒకటి, ఆ మొత్తమును, పుట ఎన్ని పట్టికలలో కనిపించినదో ఆ సంఖ్యచే హెచ్చించును. పలువురు పేర్కొన్నదానికి అధికగౌరవమన్నమాట.

ఇట్లు కూర్చుటవలన మేలు ఎందుకు కలుగును? పరిశోధకులు కొన్ని కారణములు చెప్పుచున్నారు. ఒకటి మీగడ తీయుట వంటిది. ప్రతి యంత్రమును తనకు తెలిసిన మేలైనవానిని పైకి తేల్చును. ఆ పైభాగములను మాత్రము తీసికొన్నచో మీగడ లభించును. రెండవది వంతపాట. వేరువేరు యంత్రములు మంచి పుటలను గూర్చి ఏకీభవించుటయు, చెడ్డ పుటలను గూర్చి ఎవరి పొరపాటు వారిదియై చెదరియుండుటయు సాధారణమని 1997లో జూన్ హో లీ అను పరిశోధకుడు గమనించెను. మనుష్యులలోను అంతే గదా! సత్యము ఒక్కటియే గావున అందరును అచ్చట కలియుదురు. తప్పులు అనేకములు గావున ఎవరి దారిన వారు పోవుదురు.

2009లో గోర్డన్ కార్మాక్, చార్లెస్ క్లార్క్, స్టెఫాన్ బ్యుట్చర్ అనువారు మిక్కిలి సులువైన లెక్కనొకదానిని ప్రకటించిరి. పుట స్థానమునకు 60 కలిపి, ఆ సంఖ్యతో ఒకటిని భాగింపవలెను. మొదటి స్థానమైనచో అరువదియొకటవ వంతు, రెండవదైనచో అరువదిరెండవ వంతు. అన్ని పట్టికలలో వచ్చిన ఈ భాగములను కూడి వరుస కట్టవలెను. అంతియే. ఈ 60 ఏల? అది లేకున్నచో మొదటి స్థానమునకు ఒకటి, రెండవదానికి అర అగును. ఒక్క యంత్రపు మొదటి మాటకే అతిప్రాధాన్యము కలుగును. 60 కలిపినచో ఆ తేడా అణగును. రెండు పట్టికలలో యాబదియవ స్థానముననున్న పుట, ఒక్క పట్టికలో మొదటి స్థానముననుండి రెండవదానిలో కానరాని పుటను దాటును. విలువల సర్దుబాటు అక్కరలేదు, ముందు శిక్షణ అక్కరలేదు. అందుచేతనే ఎలాస్టిక్ సెర్చి మొదలగు అనేక సాధనములలో ఈ లెక్క నేడు వాడుకలో నున్నది. ఐనను ఇదియు సర్వరోగనివారిణి కాదు. మా నాలుగు పుటలను ఈ లెక్కతో కట్టి చూచితిమి. వర్తకుడు మరల మూడవ స్థానముననే నిలిచినాడు.

ఇంకొక సందేహము. ఒక పట్టికలో ఒక పుట లేకున్నచో దానిని ఎట్లు అర్థము చేసికొనవలెను? ఆ యంత్రము చూచి త్రోసిపుచ్చినదా, లేక అసలే చూడలేదా? పెండ్లికి పిలిచినను రానివానికిని, పిలుపే అందనివానికిని భేదము లేదా? పట్టికలో లేనివానికి సున్న వేసినచో చూడబడని పుటకు అన్యాయము. మిగిలిన మార్కులను లేనివానికన్నింటికి సమానముగ పంచువారు కలరు. చూచిన యంత్రముల మాటనే గణించువారు కలరు. ఏది చేసినను కొంత ఊహ తప్పదు.

ఇక అన్నింటికంటె ముఖ్యమైన మాట. నలుగురి మాటకు బలము ఎప్పుడు? ఆ నలుగురును ఎవరి కన్నులతో వారు చూచినపుడు. కొందొర్సే 1785లోనే దీనిని లెక్కకట్టెను. ప్రతివాడును నూటికి 60 సారులు సరిగ చెప్పువాడనుకొందము. ఒకరి పొరపాటుతో మరియొకరికి సంబంధము లేదనుకొందము. ముగ్గురిలో ఎక్కువమంది మాట నూటికి దాదాపు 65 సారులు సరియగును. మనుష్యులు పెరిగినకొలది ఈ సంఖ్య పెరుగుచుండును. కాని ఆ ముగ్గురిలో ఇద్దరు మొదటివానిని చూచి వ్రాసినవారైనచో? ముగ్గురున్నను ఒక్కడే. 60 సారులు 60గనే ఉండును. మరియు ప్రతివాడును నూటికి 40 సారులు మాత్రమే సరిగ చెప్పువాడైనచో, ముగ్గురు కలసి 35 సారులకు దిగుదురు. మూర్ఖుల సమూహము ఒక్క మూర్ఖునికంటె ప్రమాదకరమని గణితము కూడ చెప్పుచున్నది.

ఇది కేవలము తర్కము కాదు. అంతర్జాలమంతయు స్వయముగ తిరిగి సూచికను కట్టుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని. వేరువేరు పేర్లతో కనిపించు శోధనద్వారములలో అనేకములు వెనుక ఒకరి సూచికనే వాడుకొనుచున్నవి. 2009లో యాహూ సంస్థ తన శోధనఫలితములకై మైక్రోసాఫ్టు వారి బింగ్‌తో ఒడంబడిక చేసికొనినది. డక్‌డక్‌గో ఫలితములలోను పెద్దభాగము బింగ్‌నుండి వచ్చునదే. ఈ మూడింటిని కూర్చి, మూడును ఏకీభవించినవి గావున ఇది నిజమని మురియుట, ఒక్కని నోటిమాటను మూడు అద్దములలో చూచి ముగ్గురు సాక్షులని లెక్కించుటయే. పైగా 2025 ఆగస్టులో మైక్రోసాఫ్టు, ఇతరులు బింగ్ ఫలితములను తెచ్చుకొనుటకు తెరచియుంచిన పాత సేవాద్వారమును మూసివేసినది. కూర్పునకు కావలసిన వేరువేరు వరుసలు ఎవరో దయతో ఇచ్చినంతకాలమే దొరకునని దీనివలన బోధపడుచున్నది. స్వతంత్రసాక్షులు లేని ఊరిలో పంచాయతి కూర్చున్నను ప్రయోజనమేమి?

మన తెలుగునకు ఈ శాస్త్రముతో ప్రత్యేకమైన పని కలదు. మన మాట ఒక్క రూపమున నిలువదు. ఊరు, ఊరికి, ఊరిలో, ఊళ్ళు, ఊళ్ళకు, అన్నియు ఒక్క మాట బిడ్డలే. మిరప అని ఒకరు, మిర్చి అని మరియొకరు వ్రాయుదురు. కొందరు తెలుగుమాటను ఇంగ్లీషు అక్షరములతో వ్రాసి వెదకుదురు. అక్షరములను అక్షరములతో సరిచూచు శోధన, మాట రూపము మారినచో పుటను జారవిడుచును. ఈ మధ్య వచ్చిన మరియొక విధమగు శోధన అర్థమును సంఖ్యలుగ మార్చి, దగ్గరి అర్థములను వెదకును. ఇది మిరపకును మిర్చికిని గల చుట్టరికమును గుర్తింపగలదు. కాని ఒక మందు పేరో, ఒక జీవో సంఖ్యయో, ఒక ఊరి పేరో ఖచ్చితముగ కావలసినపుడు, దగ్గరిదానిని చూపి తృప్తిపడుమనును. ఒకటి అక్షరమును పట్టుకొని అర్థమును విడుచును. మరియొకటి అర్థమును పట్టుకొని అక్షరమును విడుచును. ఈ రెండు వరుసలను ఇంతకుముందు చెప్పిన 60 లెక్కతో కూర్చుట నేటి సాధనములలో విరివిగ జరుగుచున్నది. వీని తప్పులు వేరువేరు స్వభావములవి గావున ఈ కలయిక సార్థకము. తెలుగువంటి భాషకు ఈ జోడెడ్ల బండియే తగినదని మా అభిప్రాయము.

మా బాబాయిగారి కథను ముగింపవలసియున్నది. ఆ రాత్రి మేము కాగితముమీద ఈ లెక్కయే వేసి, వర్తకుని పుటను అడుగునకు దింపి, విశ్వవిద్యాలయము వారి పుటను పూర్తిగ చదివి వినిపించితిమి. నీలిరంగు జిగురు అట్టలను తోటలో కట్టుటయు, కనిపించిన మందునెల్ల గ్రుడ్డిగ పిచికారి చేయకుండుటయు అందు చెప్పబడిన ముఖ్యాంశములు. వారు కొంతసేపు ఊరకుండి, "రెండు రోజుల ముందు చెప్పియుంటే ఒక పిచికారి డబ్బు మిగిలేదిరా. మా ప్రక్క చేనువాడు ఫోనులో మొదట కనిపించిన మందే తెచ్చినాడు, వానిని చూచి నేనూ తెచ్చినాను" అనిరి. ఆ మాట మమ్ము ఇప్పటికిని విడువలేదు. ఇద్దరు రైతులు ఒక్క మందు కొన్నారు. చూచువారికి ఇద్దరి అనుభవము. నిజమునకు ఒక్క యంత్రపు మొదటి వరుస.

కావున శ్రోతలకు మా విన్నపమిది. ముఖ్యమగు విషయమున, అనగా ఆరోగ్యము, పంట, ధనము, చట్టము వంటివానిలో, ఒక్క వరుసలోని మొదటి మాటకు తలయొగ్గవలదు. కనీసము రెండు మూడు చోట్ల అడుగుడు. ఆ చోట్లు నిజముగ వేరువేరు చోట్లేనా యని విచారింపుడు. అన్నింటను కనిపించుదానిని ముందు చదువుడు. ఒక్కచోట మాత్రమే తలయెత్తి, తక్కిన చోట్ల అడుగుననున్నదానిని అనుమానింపుడు. ఐనను ఒక్కమారు చూడకుండ త్రోసివేయవలదు, ఒక్కొక్కప్పుడు ఒక్కనికి మాత్రమే తెలిసిన సత్యము కూడ ఉండును. లెక్క మనకు వరుసను మాత్రమే ఇచ్చును. చదివి, తర్కించి, నిర్ణయించుకొను భారము మనదే.